జ్ఞాపకానికి మేత

చనిపోయి ఎనిమిదేళ్ళయిన భార్య తన కొత్త ఫోన్ చూసి కోప్పడిందని రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ సుందరరామయ్య గారు చెప్పినప్పుడు డాక్టర్ కౌముది నవ్వేసింది.

"ఏమన్నారేంటి?"

"ఉన్న ఫోన్ బాగానే ఉందిగా, మళ్ళీ ఇదెందుకు, మీకు వస్తువంటే బొత్తిగా విలువ లేదు అందమ్మా. అచ్చం దాని మాటే, దాని గొంతే." ఆయన ఫోన్ జేబులోంచి తీసి చూపించాడు. కొని పది రోజులు కూడా కాలేదు.

నెలన్నర కిందట ఈ మనిషి కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళాం కోప్పడిందని సంబరపడిపోతున్నాడు. కౌముది కాగితం మీద 'హాస్యధోరణి తిరిగి వచ్చింది, మంచి సూచన' అని రాసుకుంది. పన్నెండేళ్ళు మెదడు గురించి చదివి, మరో పన్నెండేళ్ళు ఎలకలతో కాపురం చేసిన మనిషికి ఆ మాటలోని తిరకాసు ఆ పూట తట్టలేదు. పోయినావిడకి పది రోజుల కిందటి ఫోన్ సంగతి ఎలా తెలిసిందండీ అని ఒక్క మాట అడిగి ఉంటే చాలా ముందే మేలుకునేది. అడగలేదు.

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే దారిలో, సముద్రం మోత వినబడేంత దూరంలో ఉంది ఆ పరిశోధనా కేంద్రం. బయట బోర్డు మీద నోరు తిరగని పేరు. లోపల జరిగేది మాత్రం వంటింటి వ్యవహారమే. మనిషి మెదడు కిలోన్నర కూడా తూగదు గానీ, మనం తిన్నదాంట్లో ఐదోవంతు అదే తినేస్తుంది. ఏ కణం పనిచేస్తే ఆ కణానికి అప్పటికప్పుడు చక్కెర అందాలి. ఏళ్ళ తరబడి దిగులులో ఉన్నవాళ్ళ మెదడు స్కాన్ తీస్తే కొన్ని చోట్ల పొయ్యి ఆరిపోయినట్టు నల్లగా కనబడుతుంది. మంచి రోజులు గుర్తుండే చోటు, ఆ గుర్తుకి సంతోషం అంటుకునే చోటు ఆకలితో పడి ఉంటాయి. ఆ కణాలకి నేరుగా తిండి పెడితే ఏమవుతుంది? అదీ కౌముది ప్రశ్న.

ఆ తిండిని ఆమె తయారుచేసింది. ముక్కులో రెండుసార్లు కొట్టే మందు. దానికో పొడుగాటి అంకెల పేరు ఉంది గానీ, స్కానింగ్ మెషీన్ నడిపే సత్తిబాబు మొదటిరోజే 'మేత' అని పేరు పెట్టేశాడు. అతనిది పెద్దాపురం దగ్గర పల్లెటూరు, గేదెల మధ్య పెరిగినవాడు. ఆ పేరే స్థిరపడిపోయింది.

మేత పెట్టడానికి ఓ పద్ధతి ఉంది. అది ఆ క్షణాన పనిలో ఉన్న కణాలకే అందుతుంది, ఊరికే కూర్చున్నవాటి జోలికి పోదు. అందుకని మందు కొట్టి, మనిషిని మెషీన్లో పడుకోబెట్టి, "మీకు బాగా ఇష్టమైన మనిషితో గడిపిన ఒక మంచి రోజుని ఇరవై నిమిషాలు తలచుకోండి" అని చెప్పాలి. ఆ మనిషి ఎవరో డాక్టర్లకి చెప్పక్కర్లేదు. చీటీ మీద పేరు రాసి, కవర్లో పెట్టి, అంటించి ఇస్తే చాలు. జనం గుట్టుమట్లు మనకెందుకని నియమాల కమిటీ పెట్టిన షరతు అది. నలభై మంది, వారానికి మూడేసి పూటలు.

ఆ నలభై మందిలో ఇరవైమూడో నంబరు కౌముది సొంత అక్క వసుంధర.

అయినవాళ్ళని ప్రయోగంలో చేర్చకూడదని కౌముదికి తెలియక కాదు. ఆ నియమం రాసినవాళ్ళలో ఆమె కూడా ఒకతె. కానీ అక్క ఇంటిపేరు వేరు. ఎవరూ అడగలేదు, ఈమె చెప్పలేదు. అక్కని అలా చూస్తూ ఊరుకోలేకపోయింది. నాలుగేళ్ళ కిందట వసుంధర కొడుకు సాకేత్ పదమూడో ఏట డెంగీ జ్వరంతో ఐదు రోజుల్లో పోయాడు. అప్పటినుంచి ఆవిడ స్నానం చెయ్యమంటే చేసేది, తినమంటే తినేది, ఎవరూ ఏమీ అనకపోతే గోడకి చేరగిలబడి కూర్చునేది. భర్త రామ్మోహన్‌ది సముద్రంలో గ్యాస్ తీసే రిగ్గు మీద ఉద్యోగం. నెల్లాళ్ళు నీళ్ళమీద, నెల్లాళ్ళు ఇంట్లో.

ఇక మిగిలింది తన్మయి. సాకేత్ కన్నా పది నిమిషాలు ముందు పుట్టిన కవల. అదే నుదురు, అవే కనుబొమలు. ఆ పోలిక కంటబడుతుందని వసుంధర కూతురి మొహంలోకి సరిగ్గా చూసేదే కాదు. ఆ పిల్ల తన జడ తనే వేసుకుని, తన బాక్సు తనే కట్టుకుని పదిహేడేళ్ళదైంది. తల్లి ఉండగానే తల్లి లేని పిల్లయిపోయిందని కౌముదికి కడుపు తరుక్కుపోయేది. నియమం తప్పింది అక్క కోసమని అందరికీ చెప్పుకోవచ్చు గానీ, నిజానికి ఈ పిల్ల కోసమే తప్పింది.

ఐదో వారంలో తన్మయి ఫోన్ చేసింది.

"పిన్నీ! అమ్మ పనసపొట్టు కూర చేసింది. ఆవ పెట్టి! తనే బజారుకెళ్ళి పొట్టు కొట్టించుకొచ్చింది పిన్నీ!"

కౌముది ల్యాబ్ తలుపేసుకుని హాయిగా ఏడ్చింది. ఆ ఆదివారం భోజనానికి వెళ్ళింది. అక్క తలకి పోసుకుని, జుట్టు ఆరబెట్టుకుని, కొంగు బిగించి వడ్డిస్తోంది. ముగ్గురే ఉన్నారు, కంచాలు నాలుగు పెట్టింది. నాలుగో కంచంలో కూడా కూర వడ్డించి, "వాడికి ఘాటు ఎక్కువైతే తినడు" అని పక్కన కాస్త నెయ్యి వేసింది. తన్మయి ఆ కంచం వైపు చూసి, పిన్ని వైపు చూసింది. పాత అలవాట్లు తిరిగొస్తున్నాయి, మెల్లిగా సర్దుకుంటాయిలే అని కౌముది కళ్ళతోనే ధైర్యం చెప్పింది. వెన్నులో ఎక్కడో చల్లగా అనిపించిన మాట నిజమే గానీ, కూర చాలా బాగుంది.

తొమ్మిదో వారంలో బావగారి దగ్గర్నుంచి ఫోను. ఆయన గొంతులో భయం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది.

"కౌముదీ, నేను మా గుమ్మం బయట నుంచున్నాను. మీ అక్క నన్ను లోపలికి రానివ్వట్లేదమ్మా."

"పోట్లాడుకున్నారా బావగారూ?"

"పోట్లాడితే బాగుండేది. చాలా మర్యాదగా మాట్లాడుతోంది."

ఆమె వెళ్ళేసరికి రామ్మోహన్ మెట్ల మీద, తన బ్యాగు పక్కన, చేతిలో మంచినీళ్ళ గ్లాసుతో కూర్చుని ఉన్నాడు. వసుంధర చెల్లెల్ని లోపలికి లాగి గుసగుసగా చెప్పింది.

"ఎవరో రిగ్గు నుంచి వచ్చాట్టే పాపం. మావారు నీళ్ళమీద ఉన్నారండీ, వచ్చే నెల వస్తారు, అప్పుడు రండి అని చెప్పాను. మంచినీళ్ళు కూడా ఇచ్చాను. అయినా కదలట్లేదు. మొహం చూస్తే మంచివాడిలాగే ఉన్నాడు."

"అక్కా, ఆయన బావగారే."

వసుంధర కిటికీలోంచి ఆయన్ని చాలాసేపు చూసింది. కళ్ళజోడు లేకుండా చిన్నక్షరాలు చదవబోయే మనిషిలా కళ్ళు చికిలించి మరీ చూసింది. తరవాత నవ్వేసింది.

"ఊరుకోవే, మీ బావ మొహం నాకు తెలియదా? ఎందుకైనా మంచిది, తెలియని వాళ్ళని లోపలికి రానివ్వకమ్మా అని సాకేత్ కూడా అంటున్నాడు."

"ఎప్పుడన్నాడక్కా?"

"ఇప్పుడే. నువ్వొచ్చే ముందు."

కౌముది బావగారిని ఆ పూటకి తన ఇంటికి తీసుకుపోయింది. మర్నాడు పొద్దున్నే సత్తిబాబు చేత నలభై మంది స్కాన్లూ, తొమ్మిది వారాలవీ, తెరమీద వేయించింది. ఇన్నాళ్ళూ ఆమె వెలిగిన చోట్లనే చూసుకుని మురిసిపోయింది. ఆ రోజు మొదటిసారి ఆరిపోయిన చోట్లు చూసింది. వెలుగు పెరిగిన ప్రతి మెదడులోనూ పక్కన ఎక్కడో నలుపు పెరిగింది. మొత్తం తిండి మాత్రం పిసరంత కూడా పెరగలేదు. మెదడు అనే ఇంట్లో పొయ్యి ఒకటే, వండేది అంతే. మేత తిన్న జ్ఞాపకాలు బలిసి, మిగతా జ్ఞాపకాల నోటిదగ్గర కూడు లాక్కుంటున్నాయి.

ఇళ్ళకి ఫోన్లు చేసింది. సుందరరామయ్య గారి కోడలు ఎత్తింది. మావయ్యగారు హుషారుగా ఉన్నారండీ, కాకపోతే నన్ను పనిమనిషి అనుకుంటున్నారు, నిన్న నా కొడుకుని పక్కింటి పిల్లాడు అనుకుని ఇంటికెళ్ళి ఆడుకోమన్నారు అని చెప్పి ఏడ్చింది. నాలుగు ఇళ్ళు తప్ప ప్రతి ఇంట్లోనూ అలాంటిదే ఏదో ఒకటి. అప్పుడు కౌముది కమిటీ పెట్టిన రెండో నియమం కూడా తప్పి, కవర్లన్నీ చింపింది. నలభై పేర్లు ఎవరివో వాళ్ళ ఇళ్ళవాళ్ళని అడిగి తెలుసుకుంది. ముప్పై ఆరు పేర్లు చనిపోయినవాళ్ళవి.

"ఇదేంటి సత్తిబాబూ? ఇష్టమైన మనిషి అంటే ఇంతమంది పోయినవాళ్ళనే తలచుకున్నారెందుకు?"

సత్తిబాబు ఆమె వైపు జాలిగా చూశాడు. "మరి బతికున్నోళ్ళని తల్చుకుంటారేంటండి? మెషీన్లో పడుకుని, మా అబ్బాయి అంత మంచోడు, మా మనవరాలు ఇంత ముద్దుగా ఉంటదని ఇరవై నిమిషాలు అదే పనిగా అనుకుంటే దిష్టి తగలదేంటండి? అదీ ఆసుపత్రిలాంటి చోట. మా ఆవిడైతే పిల్లోడు బొద్దుగా ఉన్నాడని మనసులో కూడా అనుకోదండి. పోయినోళ్ళకైతే ఇంక దిష్టేం తగుల్తాదండి?"

"ఈ సంగతి నీకు ముందే తెలుసా?"

"అందరికీ తెల్సండి. మీరు అడగలేదు కదండి."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మెషీన్లో అడిగే ఆ ప్రశ్నని ఆమె విదేశీ పరిశోధనల్లోంచి తీసుకుంది, అది దిష్టి అంటే ఏమిటో తెలియని దేశంలో తయారైంది. దాన్ని తెలుగులో పెట్టినప్పుడు 'బతికున్న' అన్న ఒక్క మాట చేర్చాలని, చిన్నప్పుడు బుగ్గన చుక్క పెట్టించుకోకుండా గడప దాటని కౌముదికే తోచలేదు. బతికున్నవాళ్ళ పేర్లు రాసిన నలుగురి ఇళ్ళలో మాత్రం ఏ గొడవా లేదు, తలచుకున్న మనిషి రోజూ ఎదురుగా ఉండి ఆ జ్ఞాపకాన్ని హద్దు దాటనివ్వలేదు.

"పోయినోళ్ళకి మనం ఏడాదికోసారి పెడతామండి," అన్నాడు సత్తిబాబు, తెరమీద ఎర్రగా మండుతున్న ఇరవైమూడో నంబరుని చూస్తూ. "పెట్టి, దణ్ణమెట్టి, పంపించేస్తామండి. ఇక్కడేమో వారానికి మూడుసార్లు పెట్టేశామండి. ఇంక ఎక్కడికి పోతారండి?"

ఆ రోజే ప్రయోగం ఆగిపోయింది. పైవాళ్ళు విచారణ వేశారు. కౌముది చేసినవన్నీ దాచకుండా రాసిచ్చింది, అక్క సంగతితో సహా. దానివల్ల ఆమె ఉద్యోగానికి ఏమవుతుందో అన్న దిగులు ఆమెకి లేదు. మందు ఆపినా మేత మరిగిన కణాలు ఆగలేదు, అదీ ఆమె దిగులు. అవి ఇప్పుడు ఒంట్లో చక్కెరనే సొంతంగా లాక్కుంటున్నాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఊడింది తన అక్క నాలుక, మందేసింది తను.

అంతకన్నా వింత సంగతి తన్మయి చెప్పింది. ల్యాబుకి వచ్చి, ఎదురుగా కూర్చుని, మెల్లిగా చెప్పింది.

"పిన్నీ, తమ్ముడికి గొంతు మారిందట."

"ఎవరన్నారే?"

"అమ్మ. నూనూగు మీసాలు కూడా వచ్చాయట. నాన్న కన్నా పొడుగవుతాడేమో అని మురిసిపోతోంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడట. లెక్కల్లో నాకన్నా బాగా వస్తున్నాయట." తన్మయి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "వాడు పదమూడేళ్ళకే పోయాడు కదా పిన్నీ. ఎలా పెరుగుతాడు?"

తిండి పెడితే ఏదైనా పెరుగుతుంది. కౌముది ఆ మాట పైకి అనలేక పిల్ల చెయ్యి పట్టుకుంది.

అప్పటికి వసుంధర రోజు విడిచి రోజైనా కూతుర్ని గుర్తుపడుతోంది. ఆ కాస్త గుర్తుకి మేత పెడితే? వెధవ ఆలోచనే. ఒకసారి చెయ్యి కాల్చుకున్న మనిషి మళ్ళీ అదే పొయ్యిలో చెయ్యి పెడుతుందా అంటే, అక్కడ కాలుతున్నది సొంతవాళ్ళయితే పెడుతుంది. ఒక్క మోతాదు మిగిలి ఉంది.

"సాకేత్ లేని రోజొకటి కావాలే," అంది కౌముది. "మీ అమ్మా నువ్వూ మాత్రమే ఉన్న ఒక మంచి రోజు. వెతికి తీసుకురా."

కవల పిల్లకి తమ్ముడు లేని రోజు దొరకడం తేలిక కాదు. తన్మయి మూడు రోజులు ఆలోచించి ఒకటి పట్టుకొచ్చింది. తనకి తొమ్మిదేళ్ళప్పుడు సాకేత్ స్కౌట్ల క్యాంపుకి వెళ్ళాడు. ఆ రోజు అమ్మ తనకి పసుప్పచ్చ పరికిణీ కట్టి, ఉప్పాడ బీచికి తీసుకెళ్ళింది. ఇద్దరూ కాల్చిన మొక్కజొన్న పొత్తులు తిన్నారు. పెద్ద అల వచ్చి ఇద్దరినీ నిలువునా తడిపేసింది. అమ్మ కోప్పడకుండా పగలబడి నవ్వింది. "అమ్మ అంతలా నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు పిన్నీ. ఆ రోజు అమ్మ నా ఒక్కదానికే అమ్మ."

కేంద్రంలో ఎవరూ లేని సెలవురోజు చూసి, మధ్యాహ్నం రెండింటికి సత్తిబాబు మెషీన్ పెట్టాడు. వసుంధర పడుకుంది. కౌముది మందు కొట్టింది. తన్మయి మైకు ముందు కూర్చుని, గొంతు వణక్కుండా, ఆ రోజంతా పూస గుచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టింది. పరికిణీ రంగు, బస్సులో కిటికీ పక్క సీటు, ఇసకలో పోయిన ఒక చెప్పు. తెరమీద ఇన్నాళ్ళూ నల్లగా ఉన్న ఓ మూల ఆవగింజంత వెలుగు పుట్టింది. వెలుగు కందిగింజంత అయింది.

"గుర్తుందామ్మా?" అంది తన్మయి.

"ఎందుకు లేదే!" మెషీన్లోంచి వసుంధర గొంతు సంతోషంగా పలికింది. "పసుప్పచ్చ పరికిణీ. తడిసి ముద్దయిపోయావు కదూ. వద్దు వద్దంటున్నా వాడు అలల్లోకి పరిగెడితే నువ్వే కదూ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చావు!"

"ఎవరమ్మా?"

"ఇంకెవరే, తమ్ముడు."

"ఆ రోజు వాడు లేడమ్మా. క్యాంపుకి వెళ్ళాడు. మనిద్దరమే వెళ్ళాం."

"ఎందుకు లేడూ? నీ పొత్తు సగం వాడే తినేస్తేనూ. నువ్వు ఏడుపందుకుంటే నేను పడీ పడీ నవ్వాను."

తెరమీద కందిగింజంత వెలుగు పక్కకి సాగి, పెద్ద మంటలో కలిసిపోయింది. మూల మళ్ళీ నల్లబడింది. ఇరవై నిమిషాల మేతా వాడికే పోయింది. సత్తిబాబు తల పక్కకి తిప్పుకున్నాడు. తన్మయి మైకు ముందు అలాగే కూర్చుండిపోయింది. ఆ పిల్లకి లోకంలో ఉన్న ఒకే ఒక్క సొంత రోజుని కౌముది తన చేతులతో తీసి ఇంకొకళ్ళకి పెట్టేసింది. ఆ తరవాత చాలా రోజుల వరకూ కౌముదికి అన్నం సయించలేదు.

ఆ వారం నుంచి వసుంధరకి కూతురు పూర్తిగా తెలియకుండా పోయింది.

పరాయివాళ్ళని చూసినట్టు కసురుకోదు, భయపడదు. అదే కష్టం. తన్మయి కాలేజీ నుంచి రాగానే గుమ్మంలో ఎదురొచ్చి, "సాకేత్ కోసమా అమ్మా? ఇంకా రాలేదు, కూర్చో. ఇద్దరూ ఒకే క్లాసా?" అంటుంది. మంచినీళ్ళిస్తుంది. జంతికలు పెట్టి, "మొహమాటపడకు, మీ ఇల్లే అనుకో" అంటుంది. పొద్దుపోతుంటే, "మీ అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది, ఇంక బయల్దేరు తల్లీ" అంటుంది. తన్మయి బయటికి వెళ్ళి, వీధి చివరిదాకా నడిచి, పెరటి తలుపులోంచి వచ్చి తన గదిలో పడుకునేది. రామ్మోహన్‌ని మాత్రం మేడమీద గదిలో అద్దెకి దిగినాయన అనుకుని రానిచ్చింది. ఆయన ఆ మర్యాద భరించలేక, సెలవు సగం ఉండగానే రిగ్గుకి వెళ్ళిపోయాడు.

"మందుకి విరుగుడు లేదా పిన్నీ?" అని ఒకరోజు అడిగింది తన్మయి. ఇద్దరూ కేంద్రం వెనక గోడ మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా సరుగుడు చెట్లు, వాటి వెనక సముద్రం.

"ఉంది." అబద్ధం చెప్పడం కౌముదికి చేతకాలేదు. "పస్తు అంటాం దాన్ని. అది కొట్టి సాకేత్‌ని తలచుకోమంటే, అప్పుడు పనిలో ఉన్న కణాలన్నీ తిండిలేక మాడిపోతాయి. ఎలకల్లో చూశాం. మాడినవి మళ్ళీ రావు. సాకేత్ అనే పిల్లాడు పుట్టినట్టే అక్కకి గుర్తుండదు."

"తమ్ముడు పూర్తిగా పోతాడు. నేను గుర్తొస్తానా?"

"రావే." కౌముది ఆ పిల్ల వైపు తిరిగింది. "మీ అమ్మ తలలో నువ్వంటూ విడిగా ఎక్కడా మిగల్లేదు తల్లీ. నువ్వు పుట్టిన రోజు, నీ మొదటి అడుగు, నీ జ్వరాలు, నీ పరికిణీ, అన్నీ ఇప్పుడు వాడి కణాల్లోనే ఉన్నాయి. వాణ్ణి మాడిస్తే నువ్వూ మాడిపోతావు. అప్పుడు మీ అమ్మకి పిల్లలే లేరు."

తన్మయి గోడ దిగి నిలబడింది. "అంటే నేను ఉన్నాను. వాడిలో."

"ఉన్నావు."

కౌముది ఆ మాటని గట్టిగా పట్టించుకోలేదు. అందులో ఏముందో తెలిసేసరికి మరో పది రోజులు పట్టింది.

అది శనివారం. మధ్యాహ్నం భోజనాల వేళకి కౌముది అక్క ఇంటికి వెళ్ళింది. వంటింట్లో వంకాయ పులుసుపచ్చడి వాసన. వసుంధర మంచి చీర కట్టుకుని, హుషారుగా ఉంది. హాల్లో బల్ల దగ్గర తన్మయి చదువుకుంటోంది. ఎండకి జడ పైకి చుట్టి క్లిప్పు పెట్టుకుంది, ఒంటిమీద వాళ్ళ నాన్న పాత చారల చొక్కా. కావాలని వేసుకుందో, ఉతికిన బట్టల్లో చేతికందింది వేసుకుందో కౌముది ఎప్పటికీ అడగలేదు.

వసుంధర గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. బల్ల దగ్గరికి రాగానే ఆగిపోయింది. ఆవిడ తలలో పెరుగుతూ వచ్చిన పిల్లాడికి పదిహేడేళ్ళ మొహం ఎక్కడినుంచి రావాలి? వాడికి ఆ వయసు మొహం లేనేలేదు. మెదడు ఉన్నదాంట్లోంచి అరువు తెచ్చుకుంటుంది. ఆ ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క మొహం, అదే నుదురు, అవే కనుబొమలు. కౌముదికి ఇదంతా ఒక్క క్షణంలో అర్థమైంది. అర్థమై, కుర్చీ గట్టిగా పట్టుకుంది.

వసుంధర గిన్నె బల్ల మీద పెట్టి, తన్మయి తల మీద చెయ్యి వేసింది.

"సాకేత్! ఎప్పుడొచ్చావురా? ఎంత చిక్కిపోయావురా నాయనా!"

తన్మయి తలెత్తింది. నాలుగేళ్ళ తరవాత తల్లి తిన్నగా తన కళ్ళల్లోకి చూస్తోంది. ఆ చూపులో ఎంత ప్రేమ ఉందంటే, పక్కన ఉన్న కౌముదికే తట్టుకోవడం కష్టమైంది. పిల్ల పిన్ని వైపు చూసింది. కౌముది వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. కాదమ్మా, నేను తన్మయిని అని ఒక్క మాట చెప్పు, నేనున్నాను కదా అని మనసులోనే మొత్తుకుంది.

"ఇప్పుడే వచ్చానమ్మా," అంది తన్మయి. "ఆకలేస్తోంది."

వసుంధర ఆనందం ఇంతా అంతా కాదు. కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. పచ్చడి కలిపి, నెయ్యి వేసి, ముద్దలు చేసి నోట్లో పెట్టింది. "మీసాలేవిరా, గీసేశావా? అప్పుడే గీసుకోకూడదురా, దట్టంగా వచ్చేస్తాయి," అని మందలించింది. ఆ పిల్ల అన్నిటికీ ఊఁ కొడుతూ, ముద్ద ముద్దకీ నోరు తెరుస్తూ, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తింది.

"కారమైందా?" అని కంగారుపడి, వసుంధర చెల్లెలి వైపు తిరిగింది. "చూడవే వీడి ఏడుపు! ఇంకో నాలుగు ముద్దలు తినమని నువ్వైనా చెప్పు. పిన్ని చెప్తే వింటాడు."

కౌముది జీవితమంతా ఉన్నది ఉన్నట్టు రాసి బతికిన మనిషి. విచారణ సంఘం ముందు కూడా ఒక్క ముక్క దాచలేదు. ఆ బల్ల దగ్గర నిలబడి, మేనకోడలి కళ్ళల్లోకి చూస్తూ, "తినరా సాకేత్," అంది.

భోజనాలయ్యాక గేటు దగ్గరికి సాగనంపడానికి వచ్చింది తన్మయి.

"ఎంత పని చేశావే!" అంది కౌముది. "రేపణ్ణించి ఏం చేస్తావు?"

"రేపూ ఇంతే." ఆ పిల్ల మొహం కడుక్కుని వచ్చింది, నిబ్బరంగా ఉంది. "అమ్మ నాకు అన్నం కలిపి పెట్టింది పిన్నీ. ఏ పేరుతో పెడితేనేం?" గేటు గొళ్ళెం తీస్తూ మళ్ళీ అంది. "ఇంట్లో నువ్వూ అలాగే పిలువు. బయట మాత్రం అప్పుడప్పుడు నా పేరు పెట్టి పిలుస్తూ ఉండు. ఎవరో ఒకరు పిలవాలి కదా."

కౌముది మాటిచ్చింది. ఆ మాట తప్పలేదు కూడా. విచారణ ముగిసి, ఉద్యోగం పోయి, ఇంకో ఊరి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ కూడా పదిహేను రోజులకోసారి కాకినాడ వచ్చేది. వచ్చినప్పుడల్లా పిల్లని బయటికి తీసుకెళ్ళి, అవసరం ఉన్నా లేకపోయినా ఆ పేరు పెట్టి పిలిచేది. తన్మయి, టీ తాగుతావా? తన్మయి, పరీక్షలెప్పుడే? ఇంట్లో వసుంధర నవ్వుతూ తుళ్ళుతూ ఉండేది. పచ్చళ్ళు పట్టింది, మేడ మీద పూలకుండీలు పెట్టింది. మేడమీదాయన బొత్తిగా నల్లబడిపోయాడు, నీళ్ళమీద పని కదా అని జాలిపడి ఆయనకీ రెండుపూటలా క్యారేజీ పంపించేది. ఆ వీధిలో అంత సంతోషంగా ఉన్న ఇల్లు ఇంకోటి లేదని ఇరుగుపొరుగులు చెప్పుకునేవారు. దిష్టి తీయించుకోమని వసుంధరకి సలహా కూడా ఇచ్చారు.

ఆ శనివారం తరవాత ఏడో నెలలో ఒక సాయంత్రం కౌముది బస్సు దిగి, మెయిన్ రోడ్డు మీద నడుస్తుంటే, ముందు తన్మయి కనబడింది. భుజాన సంచీ, పొట్టిగా కత్తిరించిన జుట్టు. చేతులు ఊపుకుంటూ వడివడిగా ఇంటివైపు పోతోంది.

"తన్మయీ!"

వినబడనంత దూరం కాదు. రోడ్డు మీద రొద కూడా లేదు. కౌముది ఇంకా గట్టిగా పిలిచింది.

"తన్మయీ! ఒసేయ్ తన్మయీ!"

పక్కన వెళ్తున్న ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. ముందున్న పిల్ల కూడా ఆగి, వాళ్ళలాగే, ఎవర్ని పిలుస్తున్నారా అని అటూ ఇటూ చూసింది. పిన్నిని గుర్తుపట్టి, నవ్వి, చెయ్యూపింది. తరవాత ఆ తన్మయి ఎవరో కనబడుతుందేమోనని తన వెనక్కి తిరిగి చూసింది.